చక్కెర సంగతి కూడా మీరే చూడాలి: నెల్లూరు జిల్లా పొదుపు సంఘాల మహిళలకు బహిరంగ లేఖ

అక్కలకు, చెల్లెళ్లకు, మా అమ్మ వయసున్న సంఘం పెద్దలకు నమస్కారం.

నేను ఆత్మకూరు వైపు ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా అమ్మ మీలో మనిషే. రోజుకు రూపాయి లెక్కన నెలకు 30 రూపాయలు కట్టే రోజుల నుంచి సంఘంలో ఉంది. ఆ రూపాయలు పోపుల డబ్బాలో, మెంతుల గిన్నె కింద దాచేది. నా పదో తరగతి పుస్తకాలు ఆ డబ్బుతోనే కొన్నాం. అందుకే ఈ ఉత్తరం ఏ ఆఫీసరుకో, డాక్టరుకో కాకుండా మీకు రాస్తున్నాను.

పోయిన శ్రావణంలో అమ్మను సంఘం మీటింగుకు దిగబెట్టి, నేనూ అక్కడే అరుగు మీద కూర్చున్నాను. వాయిదాల లెక్కలు అయ్యాక రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా తెరిచారు. పేపర్ గ్లాసులు, క్రీమ్ బిస్కెట్లు వచ్చాయి. ఉన్నది పద్నాలుగు మంది. అందులో ఐదుగురు షుగర్ మాత్రలు వేసుకుంటారని నాకు తెలుసు. అమ్మ గ్లాసు అందుకుని నా వైపు ఒకసారి చూసింది. సగం తాగి కింద పెట్టింది. రెండు నిమిషాలకు మళ్లీ తీసి మిగతాది కూడా తాగేసింది. ఇంటికి వస్తుంటే బండి వెనక నుంచి మెల్లగా, "తెలుసులేమ్మా. కంటికి కనపడితే ఆగలేను" అంది.

అమ్మకు షుగర్ వచ్చి తొమ్మిదేళ్లు. ఈ తొమ్మిదేళ్లలో ఆస్పత్రిలోనూ, ఇంట్లోనూ అందరం ఆమెకు ఒకటే చెప్పాం: నోరు కట్టుకో. నేనైతే అరిచాను కూడా. జీవశాస్త్రం చదివిన దాన్ని, పిల్లలకు మెదడు పాఠం చెప్పేదాన్ని, అమ్మ అన్న మాటలో ఎంత నిజం ఉందో ఆ రోజు దాకా పట్టించుకోలేదు. "కంటికి కనపడితే" అన్నదే అసలు సంగతి.

మెదడులో ఏం జరుగుతుందో కాస్త చెప్పనివ్వండి. మనిషి బరువులో మెదడు నూటికి 2 వంతులు మాత్రమే. కానీ ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో దాదాపు 20 వంతులు అదే తింటుంది, అదీ ముఖ్యంగా గ్లూకోజు రూపంలో. ఈ మాట పట్టుకుని చదువుకునే పిల్లలకు మెదడు పనిచేయాలని తీపి పొడులు పాలల్లో కలిపి పట్టే తల్లులను నేను రోజూ చూస్తాను. ఆ గ్లూకోజు అన్నం నుంచి, సంగటి నుంచి, పప్పు నుంచి నిదానంగా, కావలసినంత వస్తూనే ఉంటుంది. మెదడు కోసమని విడిగా చక్కెర పెట్టాల్సిన పని లేదు.

చక్కెర నాలుక మీద పడగానే మెదడు లోపల డోపమిన్ అనే రసాయనం విడుదలవుతుంది. దాన్ని సంతోషం రసాయనం అంటుంటారు గానీ, దాని ముఖ్యమైన పని నేర్పించడం. "ఇది బాగుంది, ఎక్కడ దొరికిందో గుర్తు పెట్టుకో, మళ్లీ రా" అని అది మెదడుకు చెబుతుంది. కొన్నాళ్లకు తీపి నోట్లో పడేదాకా కూడా ఆగదు. దాని గుర్తులు కనిపిస్తే చాలు, డోపమిన్ ముందే లేస్తుంది. సీసా మూత తీసిన చప్పుడు, టీ గ్లాసులో చెంచా తిరిగే చప్పుడు, బస్టాండు దగ్గర స్వీటు అంగడి అద్దాల బీరువా, సాయంత్రం నాలుగున్నర. పైగా మన పేగుల్లో కూడా చక్కెరను కనిపెట్టే కణాలున్నాయి. అవి పొట్ట నుంచి మెదడుకు పోయే వేగస్ నాడి ద్వారా వేరే కబురు పంపిస్తాయి. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో నాలుకకు తీపి తెలియకుండా చేసినా అవి చక్కెర నీళ్లనే వెతుక్కుని తాగాయి. చక్కెర లేని తీపి బిళ్లలు వేసిన టీ తాగాక కూడా ఏదో వెలితిగా అనిపించడానికి ఇదొక కారణం కావచ్చు.

అంటే అమ్మ గ్లాసు కింద పెట్టిన ఆ రెండు నిమిషాలూ ఆమె ఒక్కతే తన మెదడు ఏళ్లుగా నేర్చుకున్న పాఠంతో పెనుగులాడింది. ఎదురుగా సీసా, చుట్టూ తాగుతున్న పదముగ్గురు, పక్కన కూతురి చూపు. ఓడిపోయింది. దానికి సిగ్గుపడాల్సింది ఆమె కాదు.

ఇక్కడే మన జిల్లా చరిత్ర నాకు గుర్తొచ్చింది. రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు 1992లో దూబగుంటలో సారా అంగడి మూయించారు. అది ఊరూరా పాకింది, సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగిపోయింది. సారాకు పోయే రూపాయిని దాచుకోవడం మొదలుపెట్టినందుకే మీ పొదుపు సంఘాలు నిలబడ్డాయి. ఆ తల్లులు అప్పటికి ఎన్నేళ్లుగానో మొగుళ్లకు తాగొద్దని చెప్పి చూశారు, ఏడ్చారు, దెబ్బలు తిన్నారు. చెప్తే వినే జబ్బు కాదని తెలిశాక అంగడినే ఊళ్లో లేకుండా చేశారు. మెదడు శాస్త్రం చదవకపోయినా, కళ్లెదుట ఉంటే ఆగలేరన్న సంగతి వాళ్లకు తెలుసు.

చక్కెర సారా కాదు. ఆ రెంటినీ ఒక గాటన కట్టడం నాకు ఇష్టం లేదు. సారా కాపురాలు కూల్చింది, మనుషుల్ని చంపింది. చక్కెర మీద డాక్టర్లు "వ్యసనం" అనే మాట వాడాలా వద్దా అన్నది ఇంకా తేలని వాదనే. ఎలుకలకు గంటల తరబడి తిండి ఆపి, తర్వాత చక్కెర నీళ్లు పెడుతూ పోతే వ్యసనం లాంటి లక్షణాలు కనిపించాయి. ఎప్పుడూ అందుబాటులో ఉంచిన ఎలుకల్లో అవి అలా కనిపించలేదు. మనిషి విషయంలో అంత గట్టిగా చెప్పలేం. అయినా మెదడులో రెండూ నడిచే దారి ఒకటే, డోపమిన్ దారి. 2023లో జర్మనీలోని కొలోన్‌లో చేసిన ఒక పరిశోధనలో కొంతమందికి ఎనిమిది వారాల పాటు వాళ్ల మామూలు తిండితో పాటు రోజూ కొవ్వు, చక్కెర ఎక్కువున్న చిన్న పుడ్డింగు (మెత్తని తీపి వంటకం) పెట్టారు. వాళ్ల బరువు పెద్దగా మారలేదు. మెదడు మాత్రం మారింది. అలాంటి తిండికి మునుపటి కంటే గట్టిగా స్పందించడం నేర్చుకుంది, కొవ్వు తక్కువున్న తిండి మీద ఇష్టం తగ్గింది. మనింట్లో "రోజూ రవ్వంతే కదా" అనుకునేది కూడా అంత చిన్నదే.

మన వైపు తినేదాన్ని చక్కెర అంటాం, జబ్బును షుగర్ అంటాం. పేర్లు రెండు కావడంతో చక్కెర గురించి ఆలోచించాల్సింది షుగర్ వచ్చినవాళ్లు మాత్రమే అన్నట్టు నడిచిపోతోంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) దేశమంతా చేసిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని, మరో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారని తేలింది. చక్కెర తినడం ఒక్కటే దానికి కారణం కాదు, బరువు, కదలని బతుకు, వంశం అన్నీ కలుస్తాయి. కానీ షుగర్ వచ్చి అదుపులో లేకపోతే మెదడులోని సన్నని రక్తనాళాలు కూడా దెబ్బతింటాయి. ముసలితనంలో మతిమరుపు జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. కాళ్లు, కళ్లు, కిడ్నీల గురించి మనకు చెబుతారు. ఈ సంగతి ఎవరూ చెప్పరు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 25 గ్రాములు దాటవద్దంటోంది. అంటే ఐదు చెంచాలు. మనింట్లో మూడు టీలకు రెండేసి చెంచాలు వేస్తే 30 గ్రాములు, కూల్‌డ్రింకు జోలికి పోకుండానే. బెల్లం అయితే పరవాలేదు అనుకుంటాం. బెల్లంలోనూ ఎక్కువ భాగం అదే చక్కెర, కొద్దిగా ఖనిజాలు ఉంటాయంతే. తేనె కూడా చక్కెరల ముద్దే.

మా తొమ్మిదో తరగతి పిల్లలతో నేను చేసిన పని ఒకటి చెబుతాను. పావు లీటరు కూల్‌డ్రింక్ సీసా మీద చిన్న అక్షరాలు చదివించాను. 100 మిల్లీలీటర్లకు పదకొండు గ్రాముల లోపు అని ఉంది. లెక్క వేసి సీసాకు 27 గ్రాములన్నారు. ల్యాబులో త్రాసు మీద కాగితం పరిచి ఒక అమ్మాయి చెంచాతో చక్కెర పోస్తూ పోయింది. ఐదో చెంచాకు ఆగి "ఇంకా ఉందా మేడమ్" అని అడిగింది. ఆ కుప్పను పావు లీటరు నీళ్లలో కలిపి తలా ఒక గుక్క తాగమన్నాను. ఎవరికీ దిగలేదు, వెగటుగా ఉందన్నారు. అప్పుడు అందులో పొదలకూరు నిమ్మకాయ ఒకటి పూర్తిగా పిండి, ఐసు ముక్కలు వేశాను. గ్లాసు ఖాళీ అయింది. పులుపు తీపిని కప్పేస్తుంది, చల్లదనం నాలుకకు తీపి తెలియనివ్వదు. కూల్‌డ్రింకుల్లో ఆమ్లం కలిపేది, వాటిని ఫ్రిజ్‌లో పెట్టి అమ్మేది కొంత ఇందుకే. ఆ రోజు పిల్లలు బోర్డు మీద రాసుకున్న ఆ లెక్కను నేను చెరపలేదు, మూడు రోజులు అలాగే ఉంచాను.

చక్కెర తింటే పిల్లలు అల్లరి ఎక్కువ చేస్తారని చాలామంది అంటారు. 1990ల్లో దాని మీద జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో అలాంటిదేమీ తేలలేదు. ఆ భయం వద్దు. అసలు భయపడాల్సింది వాళ్ల నాలుక ఎంత తీపికి అలవాటు పడుతోంది అన్నదానికి. బ్రిటన్‌లో యుద్ధ కాలం నుంచి చక్కెరకు రేషన్ ఉండేది, 1953 సెప్టెంబరులో ఎత్తేశారు. దానికి కాస్త ముందు, కాస్త తర్వాత పుట్టినవాళ్ల ఆరోగ్యాన్ని పోల్చి 2024లో ఒక పరిశోధన వచ్చింది. తల్లి కడుపులోనూ, మొదటి రెండేళ్లలోనూ చక్కెర తక్కువ అందిన పిల్లలకు పెద్దయ్యాక షుగర్ వచ్చే ప్రమాదం దాదాపు 35 శాతం, బీపీ ప్రమాదం 20 శాతం తక్కువగా కనిపించింది. మీ సంఘాల్లో కొత్త కోడళ్లున్నారు, చంటిపిల్లల తల్లులున్నారు. ఏడుస్తున్న బిడ్డ నోట్లో చక్కెర పలుకులు వేసే అలవాటు, పాలసీసాలో చక్కెర కలిపే అలవాటు మన చేతుల్లో ఉన్నవే.

ఇప్పుడు మా అమ్మ సంగతి. ఆ శ్రావణం తర్వాత నేను అరవడం మానేశాను. చక్కెర డబ్బా పొయ్యి గట్టు మీద నుంచి పై అరలోకి, బియ్యం సంచి వెనక్కి పోయింది. కావాలంటే స్టూలు వేసుకుని తీసుకోవచ్చు, ఎవరూ తాళం వేయలేదు. టీలో రెండు చెంచాలు ఒక్కసారి తీసేస్తే మళ్లీ పాత దారికే వస్తుందని, రెండు వారాలకు పావు చెంచా లెక్కన తగ్గించాం. సాయంత్రం నాలుగున్నరకు ఆమె చెయ్యి బిస్కెట్ డబ్బా మీదికి పోయేది. ఆ వేళకు ఒకరోజు శనగ గుగ్గిళ్లు, ఒకరోజు ఉడికిన వేరుశనగ కాయలు, ఒకరోజు కోడిగుడ్డు పెట్టాం. మధ్యాహ్నం అన్నం, చారుతో సరిపెట్టుకున్న రోజున సాయంత్రం తీపి మీద యావ రెట్టింపు ఉండేదని ఆమే గమనించింది. పప్పో, చేపల పులుసో గట్టిగా తిన్న రోజున అంత ఉండేది కాదు. నిద్ర చాలని రోజు కూడా అంతే. నిద్ర తక్కువైతే నోరూరించే తిండి వైపు మెదడు మరింత లాగుతుందని పరిశోధనల్లోనూ చూశారు.

అన్నిటికంటే బాగా పనిచేసింది నడక. తినాలనిపించిన ఆ క్షణంలో చెప్పులు వేసుకుని చెరువుకట్ట దాకా వెళ్లి రావడం, పదిహేను నిమిషాలు. ఆస్ట్రియాలో ఇలాగే పదిహేను నిమిషాలు చురుగ్గా నడిపించి చూస్తే తీపి మీద కోరిక తగ్గిందని తేల్చారు. ఆ యావ కడలి అల లాంటిది. లేచేటప్పుడు ముంచేస్తుందేమో అనిపిస్తుంది, కాసేపు తట్టుకుంటే దానంతటదే తగ్గుతుంది. మైపాడు ఒడ్డున నిలబడిన వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

మూడు నెలలకు బస్టాండులో టీ తాగి "పాకం లాగుందే" అని గ్లాసు పక్కన పెట్టింది. అమెరికాలో మూడు నెలలు చక్కెర తగ్గించి తిన్నవాళ్లకు కూడా మునుపటంత చక్కెరే ఉన్న పుడ్డింగు ఎక్కువ తియ్యగా అనిపించిందట. నాలుక మారుతుంది, కాస్త టైం ఇవ్వాలి. సంక్రాంతికి అమ్మ రెండు అరిసెలు తిన్నది. నేను ఏమీ అనలేదు. మా మేనమామ నెల్లూరు నుంచి మలైకాజా తెచ్చిన రోజున అన్నం తిన్నాక ఒకటి తిని మిగతాది పక్కింటికి పంపించింది. పండగ తీపి మానేయమని నేనెప్పుడూ చెప్పను. రోజువారీ తీపి వేరు, అది మనకు తెలియకుండానే పోతుంటుంది.

ఒక జాగ్రత్త. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు తిండి మార్చే ముందు డాక్టరును అడగాలి. వాళ్లకు చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగితే ఆ క్షణంలో చక్కెరే మందు. వాళ్ల సంచిలో చక్కెర పొట్లం ఉండాల్సిందే.

అమ్మకు ఇదంతా వీలైంది ఇంట్లో నేనున్నాను కాబట్టి. ఒంటరిగా ఉండే అమ్మలు మీ సంఘాల్లో ఎంతమంది? వాళ్లకు ఆసరా సంఘమే. అందుకే అడుగుతున్నాను. మీటింగుల్లో ఆ సీసా తెరవడం మానేయండి. మన జిల్లాలో నిమ్మకాయలకు కొదవా? మజ్జిగో, ఉప్పేసిన నిమ్మకాయ నీళ్లో కుండలో పెట్టండి, గుగ్గిళ్లు ఒక గిన్నె పెట్టండి. టీ పెడితే చక్కెర విడిగా ఉంచండి, కావాల్సినవాళ్లు అడిగి వేసుకుంటారు. అప్పు తీర్చినందుకో, బిడ్డకు ఉద్యోగం వచ్చినందుకో స్వీటు పంచాలనుకుంటే పంచండి, కానీ వద్దన్నవాళ్లను "ఒక్కటే కదక్కా" అని బలవంతం చేయకండి. ఆ ఒక్క మాట మానితే చాలామంది గట్టెక్కుతారు.

రెండోది కాస్త కష్టమైనది. సంఘం అప్పుతో చిల్లర కొట్లు పెట్టుకున్నవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. మా స్కూలు గేటు ఎదురుగా కొట్టు కూడా అలాంటిదే. ఆ అక్క కష్టజీవి, ఆ కొట్టు మీద ఇద్దరు పిల్లల్ని చదివించింది. ఆమె దగ్గర పిల్లల కంటి ఎత్తులో, చెయ్యి చాస్తే అందేలా రంగురంగుల ప్యాకెట్ల దండలు వేలాడుతుంటాయి. ఇంటర్వెల్ గంట కొట్టగానే మా ఆరో తరగతి పిల్లలు ఆ దండల కిందికి పరిగెడతారు. గంట చప్పుడే వాళ్లకు గుర్తుగా మారిపోయింది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని స్కూలు గేటుకు 50 మీటర్ల లోపు పిల్లలకు అమ్మకూడదని 2020లోనే ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) నిబంధన పెట్టింది. ఆ అక్కకు ఈ సంగతి తెలియదు, ఎవరూ చెప్పలేదు. నేను వెళ్లి నిబంధన చదివితే ఆమె బతుకు మీద దెబ్బ కొట్టినట్టవుతుంది. అదే ఆమె సంఘం కూర్చుని మాట్లాడి, ఆ దండల స్థానంలో వేరుశనగ పప్పు పొట్లాలు, ఉడికిన కాయలు, జామకాయలు, మరమరాలు పెట్టడానికి సాయపడితే ఆమెకు నష్టం రాకుండా చూడొచ్చు. కొత్తగా అప్పు ఇచ్చేటప్పుడు బడి దగ్గర కొట్టు పెట్టేవాళ్లతో ఈ మాట ముందే అనుకోవచ్చు.

ఏ సంఘమైనా పిలిస్తే ఆదివారాల్లో వస్తాను. త్రాసు, చక్కెర నేను తెచ్చుకుంటాను. మీరు మీ ఇంట్లో టీకి వేసే చెంచా, పిల్లలు కొనుక్కునే సీసా ఒకటి తీసుకురండి. మా అమ్మ కూడా వస్తానంది.

ఇట్లు
మీ సంఘం ఆడబిడ్డ, ఒక జీవశాస్త్రం టీచరు
ఆత్మకూరు ప్రాంతం, నెల్లూరు జిల్లా